పొడుగు బండి, లావు బండి

మా తమ్ముడు దాసు పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే అమలాపురం నుంచి ముక్తేశ్వరంలో మా ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు కాఫీ కూడా అడగకుండా వసారాలో కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోను తీసి, రెండు పెద్ద మోటారు సైకిళ్ల బొమ్మలు చూపించి, "ఈ రెండిట్లో ఏది కొనమంటావక్కా?" అన్నాడు. వాడు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. అరవై దాటాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక డొక్కు స్కూటరు మీద తిరిగాడు, అదీ కాలేజీకీ చర్చికీ కూరల బజారుకీ. అలాంటివాడు గుర్రాలంత బళ్లు చూపిస్తుంటే నాకు నవ్వు రావాలి. రాలేదు. ఫోను పట్టుకున్న వాడి కుడిచెయ్యి వణుకుతోంది. ఏడాది నుంచీ వణుకుతోంది. బొమ్మ ఒకచోట నిలవడం లేదు. "నా కళ్లజోడు పాడైందిరా, దగ్గరగా పెట్టుకుంటే గానీ కనపడదు, ఇలా ఇయ్యి" అని ఫోను నా చేతిలోకి తీసుకున్నాను. కళ్లజోడుకేమీ కాలేదు. మా ఇంట్లో మేమందరం ఇలాగే బతికాం. ఎదుటి మనిషిలో ఉన్న లోపం ఆ మనిషితో అనం. దాని చుట్టూ తిరిగి, ఏదో ఒక సాకు వెతికి, ఆ పని మేం చేసేస్తాం.

ఆ బళ్ల పేర్లు నాకు నోరు తిరగలేదు. ఒకటి బాగా ఎత్తుగా ఉంటే దానికి పొడుగుది అనీ, రెండోది వెడల్పుగా ఉంటే దానికి లావుది అనీ నేనే పేర్లు పెట్టాను. కాసేపటికి వాడూ అలాగే అనడం మొదలుపెట్టాడు. పొడుగుది గతుకుల రోడ్లకి పెట్టింది పేరట. చక్రాలు పెద్దవి, అడుగున ఎత్తు ఎక్కువ, రాళ్లూ గుంటలూ వచ్చినా ఇంజనుకి దెబ్బ తగలదు. రెండు పక్కలా రేకు పెట్టెలు. కావాలంటే నిలబడి కూడా నడపొచ్చు. లావుది తారు రోడ్డు మీద సుఖమట. ముందు గాలి కొట్టకుండా పెద్ద అద్దం, వెనక కూర్చునేవాళ్లు చేరగిలబడ్డానికి దిండు. చైను బదులు లోపల ఇనప కడ్డీ తిరుగుతుంది కాబట్టి దారిలో చైను సాగిందనీ తెగిందనీ బాధ లేదు. ఆ బరువుని మనిషి వెనక్కి నెట్టలేడు గనక వెనక్కి నడిచే గేరు కూడా పెట్టారట. "పొడుగుదానికి బరువు పైన ఉంటుందక్కా, లావుదానికి కింద ఉంటుంది. నడిచేటప్పుడు ఆ తేడా తెలీదు. ఆగేటప్పుడే తెలుస్తుంది" అని పాఠం చెప్పాడు. సర్వీసంతా పిల్లలకి చెప్పిన గొంతే అది. నేను కూడా పిల్లలాగే శ్రద్ధగా విన్నాను.

"ఇంతకీ ఎక్కడికిరా ప్రయాణం?" అన్నాను.

"త్ర్యంబకానికి. అంతర్వేదిలో సముద్రం దగ్గర బయల్దేరి, గోదారి పక్కనే ఎగువకి పోతాను. భద్రాచలం, కాళేశ్వరం, బాసర, నాందేడు, అలా నాసిక్ దాకా. నాన్నగారు అనేవారు కదక్కా, ఈ నీళ్లు ఎక్కడ పుట్టేయో ఒకసారి చూసి రావాలని."

నిజమే, నాన్నగారు అనేవారు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పాను. గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టింది అని ఎన్ని తరగతులకి చెప్పానో, బోర్డు మీద సుద్దముక్కతో ఆ వంకర గీత ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఒక్కసారీ చూడలేదు. అందుకని వాడు ఆ పేరు ఎత్తేసరికి నాకూ లోపల ఆశ కదిలింది, అబద్ధం ఎందుకు. వెనక దిండుకి చేరగిలబడి నదిని చూస్తూ పోతున్నట్టు ఒక్క క్షణం ఊహించుకున్నాను కూడా. ఆ వెంటనే భయం వేసింది. వద్దని చెప్పాల్సిన మనిషికే వెళ్లాలని ఉంటే ఇంకెవరు చెబుతారు?

వాడు వెళ్లిన గంటకి సువార్త ఫోను చేసింది. సువార్త దాసు భార్య, నాకు మరదలు. పెళ్లై వచ్చిన నాటి నుంచీ నా దగ్గర గొంతు పెంచి మాట్లాడిన మనిషి కాదు.

"వదినగారూ, మీ దగ్గరికి వచ్చేరా అండీ?"

"వచ్చేడు. బళ్లు చూపించేడు."

"మీరేమన్నారండీ?"

"చూద్దాం అన్నాను. నువ్వేమన్నావు?"

"నేను, మీ అక్కగారిని అడగండి అన్నానండి." తర్వాత మెల్లగా చెప్పింది. "మొన్న కాకినాడలో డాక్టరు గారిని ఈయనే అడిగేరండి, బండి నడపొచ్చా అని. ఆయన నవ్వేసి, నడపగలిగినన్నాళ్లు నడపండి మాస్టారూ అన్నారండి. మేం గుమ్మం దాటేక నన్నొక్కదాన్నీ వెనక్కి పిలిచి, కాస్త మీరు చూసుకోండమ్మా అన్నారండి. నేనేటి చూసుకుంటానండీ? ఆ రోజు ఈయన మొహం వెలిగిపోయిందండి. ఈ వణుకుడు జబ్బని తెలిసేక అలా నవ్వడం నేను చూళ్లేదండి. నా నోటితో ఎలా వద్దంటానండి? మీరే చెప్పాలండి వదినగారూ. మీ మాటంటే గురి ఆయనకి."

నేను నోటి దురుసు మనిషినని ఊళ్లో పేరు. స్కూల్లో హెడ్మాస్టర్లని మొహం మీద అనేసిన దాన్ని. బస్సులో కాలు తొక్కినవాడిని దిగేదాకా వదల్లేదు. అలాంటిదాన్ని ఆ పూట ఫోను పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. అయినవాళ్లకి వద్దు అని చెప్పడం మా ఇంటా వంటా లేదు. ఎలా చెబుతారో కూడా నాకు తెలీదు. ఆ మాట మా ఇంట్లో ఎవరైనా ఎవరితోనైనా అనగా నేను వినలేదు.

మా నాన్నగారు పాస్టరు. గోదావరి పాయకీ కాలవలకీ మధ్య చెల్లాచెదురుగా ఉన్న లంక ఊళ్ల సంఘాలన్నీ ఆయనవే. నిలువెత్తు మనిషి, తెల్ల లాల్చీ, పంచె, ఎప్పుడూ ఏదో కీర్తన సన్నగా కూనిరాగం తీస్తూ ఉండేవారు. ఆయనకి రేచీకటి. పగలు బైబిల్లో చీమల్లాంటి అక్షరాలు కూడా అద్దాలు లేకుండా చదివేసేవారు. పొద్దు వాలితే మాత్రం ఎదురుగా నిలబడ్డ మనిషి కనిపించేవాడు కాదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా నోరు తెరిచి చెప్పలేదని చాలా ఏళ్లకి ఆవిడే అంది. కానీ సంఘంలో పసిపిల్లలకి సైతం తెలుసు. పొన్నగంటి కూర కళ్లకి మంచిదంటారు కదా, ఏ ఊరి నుంచి ఎవరొచ్చినా పొన్నగంటి కూర కట్ట ఒకటి చేతిలో ఉండేది. "దొడ్లో ఎక్కువైపోయిందండి అమ్మగారూ, పారెయ్యలేక తెచ్చేను" అనేవారు. పప్పులో పొన్నగంటి, వేపుడు పొన్నగంటి, రొయ్యపొట్టు వేసి పొన్నగంటి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ కూర ఉడుకుతున్న వాసన వస్తే నాకు మా వంటగది, పొయ్యి ముందు చెమట తుడుచుకుంటున్న అమ్మ గుర్తొస్తారు. అంత కూర తిన్నా నాన్నగారి కళ్లకి ఏమీ ఒరగలేదు. అందరికన్నా చీకట్లో చూపు బాగా ఉన్నది దాసుకీ నాకూ.

ఇంట్లో మాకు కొన్ని పద్ధతులుండేవి. అవి పద్ధతులని కూడా తెలీదు, అన్ని ఇళ్లలోనూ అలాగే ఉంటారనుకునేదాన్ని. పీట, చెంబు, కుర్చీ ఏది ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. ఆడుకుంటూ పీట జరిపితే అమ్మ వీపు మోగించేది. ఇంకా వెలుతురు ఉండగానే లాంతర్లు వెలిగించి, నాన్నగారి మంచం నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి నూతి దాకా వరసగా పెట్టేది. ఎందుకమ్మా ఇప్పుడే అంటే దోమలు అనేది. పొద్దు వాలాక మేం ఇంట్లో నడిచేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడుతూ గానీ పాడుతూ గానీ నడవాలి. అది భక్తి కోసం అనుకున్నాను. ఆయన మమ్మల్ని గుద్దుకోకుండా ఉండటానికని తెలిసే వయసు వచ్చేసరికి ఆ అలవాటు నన్ను వదలని స్థితికి చేరిపోయింది. ఒంటరిగా ఉంటున్న ఈ ఇంట్లో ఇప్పటికీ సాయంత్రం వంటింట్లోకి వెళుతూ ఏదో ఒకటి అనుకుంటూనే వెళతాను.

ఒక ఏడు కోతల పండగకి సంఘం పెద్దలు నాన్నగారికి మోటారు సైకిలు కొనాలని తీర్మానం చేశారు. సైకిలు మీద ఊళ్లన్నీ తిరిగేసరికి చీకటి పడిపోతోంది. మోటారు బండైతే వెలుతురుండగా ఇల్లు చేరతారని వాళ్ల అసలు ఆలోచన. పైకి మాత్రం అయ్యగారు అలిసిపోతున్నారు అన్నారు. అమలాపురంలో వాడిన బళ్లు రెండు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి చిన్నది, తేలిక, చప్పుడు తక్కువ, దాదాపు కొత్తది. రెండోది ఏనుగులా పెద్దది, పాతది. స్టార్టు చేస్తే కాలవ అవతల కొబ్బరిచెట్ల మీద కాకులు లేచిపోయేవి. ఏది కొనాలన్న దాని మీద మా వసారాలో సాయంత్రాలు సాయంత్రాలు చర్చ నడిచింది. అమ్మ టీ పెట్టలేక సతమతమైపోయింది.

నాన్నగారికి చిన్నది నచ్చింది. "పంటు ఎక్కించాలన్నా దించాలన్నా సులువు కదా తాతా. చిన్నది చాలదా?" అన్నారు. గోదావరి దాటాలంటే, మనుషుల్నీ బళ్లనీ రేవు దాటించే ఆ పంటు ఒక్కటే దిక్కు. ఒడ్డు నుంచి పంటు మీదికి చెక్కబల్ల వేస్తే దాని మీంచి బండిని నెట్టుకుంటూ ఎక్కించాలి.

సంఘంలో అందరికన్నా పెద్దాయన ఇస్సాకు తాతగారు. ఆయన తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని, "ఆయ్, చాలునండి అయ్యగారూ, చాలకేం. చాలుద్ది గానండి, పెద్దదే బావుంటాదండి. అమ్మగారెక్కాలి, పిల్లలెక్కాలి, ప్రభుబల్ల సామాను, రొట్టే ద్రాక్షరసమూ, పెట్టి కట్టాలి. సీటు వెడల్పుండాలండి. పంటు సంగతంటారా, మా కుర్రోళ్లు లేరేటండి?" అన్నారు. మిగిలిన పెద్దలందరూ ఆయ్ ఆయ్ అన్నారు. పెద్దదే వచ్చింది. అది సీటు కోసం కాదని చాలా ఏళ్ల తర్వాత, రొయ్యలు వలుస్తూ, మాటల్లో మాటగా అమ్మ చెప్పింది. "ఆ చప్పుడు కోసమే. అయ్యగారొస్తున్నారని అంత దూరం నించే తెలిస్తే, గట్టు మీద గొడ్లనీ పిల్లల్నీ ముందే పక్కకి తీసుకుంటారని. ఇస్సాకు తాతగారు నాతో ఒక్కదానితోనే అన్నారు."

అలాగే తీసుకునేవారు కూడా. బండి చప్పుడు వినపడగానే కాలవగట్టు పొడుగునా మనుషులు గొడ్లని తోలుకుని పక్కకి దిగేవారు. మునిమాపు వేళైతే ఒక్కొక్క ఇంటి ముందు ఒక్కొక్క లాంతరు బయటికొచ్చేది. "వాకిట్లో పురుగూ పుట్రా చూసుకుంటన్నామండి అయ్యగారూ" అనేవారు. నాన్నగారు ఆ లాంతర్ల వరస చూసుకుంటూ పోయేవారు. వెనక అమ్మ కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేసేది. ఎడమకి తిరగాలంటే ఎడం భుజం నొక్కేది, కుడికైతే కుడి. దాసు ముందు ట్యాంకు మీద, నేను అమ్మకీ సామాను పెట్టెకీ మధ్య నలిగిపోతూ. నాకు ఆ బండి మీద తెలిసిందల్లా మూడు వాసనలు. పెట్రోలు, అమ్మ జడలో కొబ్బరినూనె, కాలవలో నానేసిన కొబ్బరిపీచు. శనివారం మధ్యాహ్నం నాన్నగారు ఆ బండిని గేదెని తోమినట్టు కొబ్బరిపీచుతోనే తోమేవారు. ప్లగ్గు ఊడదీసి పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, ఊది, ఎండకి ఎత్తి చూసుకునేవారు. ఆ ఎండలో ఆయనంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. చూడలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. సువార్త ఫోనులో మొహం వెలిగిపోయిందండి అన్నప్పుడు నాకు ఆ శనివారాలే తోచాయి.

ఒకసారి అమ్మకి జ్వరం వచ్చి వెళ్లలేదు. నాకు పరీక్షలు. దాసునొక్కడినే ముందు కూర్చోబెట్టుకుని నాన్నగారు పక్క ఊళ్లో ప్రార్థనకి వెళ్లారు. తిరిగి వస్తుంటే పొద్దు వాలింది. మలుపు దగ్గర బండి మలుపు తిరగకుండా నేరుగా కాలవలోకి పోయింది. గట్టు మీద వాళ్లు వెంటనే దూకి ఇద్దర్నీ బయటికి లాగారు. దాసు కడుపునిండా నీళ్లు తాగాడు. నాన్నగారికి భుజం ఎముక విరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ "గట్టు జారుడుగా ఉందండి, రేగడి మట్టి కదండీ" అన్నారు. వానలు వెళ్లిపోయి నెలలైంది. గట్టు మీద దుమ్ము లేస్తోంది. నాన్నగారు కూడా "అవునండి, జారుడు" అన్నారు. దాసు చాలా పెద్దవాడయ్యాక, వాడికి ఉద్యోగం కూడా వచ్చాక, నాకు ఒక మాట చెప్పాడు. "నాకు కాలవ కనపడిందక్కా. నాన్నగారు తిప్పటం లేదని తెలిసింది. నాన్నా, కాలవ అందామనుకున్నాను. అంటే ఆయనకి కనపడదని నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలిసిపోద్ది కదా. అందుకని కళ్లు మూసుకున్నాను." అప్పుడు వాడికి ఏడో ఎనిమిదో ఏళ్లుంటాయి. ఆ వయసుకే వాడికి అంత మర్యాద వచ్చేసింది.

ఆ తర్వాతైనా నాన్నగారితో ఎవరూ ఏమీ అనలేదు. దేవుడి వాక్యం నేర్చుకుంటాడండి అని చెప్పి ఇస్సాకు తాతగారు తన మేనల్లుడిని ఆయన వెంట తిప్పారు. బండి అతనే నడిపేవాడు. కొన్నేళ్లకి నాన్నగారే ఒకరోజు "పాపం, బండికి వయసైపోయింది" అని దాన్ని అమ్మించేశారు. ఈ పద్ధతిని నేను తప్పు పట్టలేను. అంతమంది కలిసి, ఒక్క మాట తూలకుండా, ఒక మనిషి పరువు కాపాడారు. ఇప్పటివాళ్లకి ఇంత ఓపిక లేదని స్కూల్లో పిల్లలకి గొప్పగా చెప్పేదాన్ని కూడా. కానీ ఆ గట్టు మీద ప్రతి మనిషికీ నాన్నగారు తెలుసు. ఆయన కాలవలో పడితే దూకడానికి మనుషులున్నారు. దాసు పోయేది హైవే మీద. నాందేడు దగ్గర ఎదురొచ్చే లారీవాడికి వీడు మాస్టారని గానీ, చెయ్యి వణుకుతుందని గానీ ఎవరు చెబుతారు? ఆ లారీవాడికి ఏ చప్పుడూ వినపడదు. ఎవరూ లాంతరు పట్టుకుని బయటికి రారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, బళ్లు చూడ్డానికి కాకినాడ వెళ్దాం రా అక్కా అని వాడు మళ్లీ ఫోను చేస్తే, "సరే, వస్తాను" అన్నాను. అక్కడ బళ్లు కళ్ల ముందు చూశాక వాడికే తెలిసొస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. నా అంతట నేను చెప్పకుండా ఉండటానికి దొరికిన సాకు అది.

యానాం వంతెన మీంచి కారులో పోదాం అంటే వాడు వినలేదు. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, కోటిపల్లిలో దిగి, ద్రాక్షారామం మీదుగా ఆటోలో, బస్సులో వెళ్లాం. దారంతా వాడు పొడుగుదా లావుదా అన్న చర్చే. నాందేడు దాటాక రోడ్లు బాగోవట, కాబట్టి పొడుగుది. కానీ రోజంతా కూర్చోవాలంటే నడుము పట్టేస్తుంది, కాబట్టి లావుది. లావుదానికి ఇంజను వేడి కాళ్లకి కొడుతుంది. పొడుగుదాని ట్యాంకు పెద్దది, పెట్రోలు బంకు లేని చోట్ల ఇబ్బంది ఉండదు. వాడు వేళ్లు మడిచి లెక్కపెడుతూ చెబుతుంటే మడిచిన వేళ్లు వణుకుతున్నాయి. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

షోరూములో ఒక అమ్మాయి మాకు బళ్లు చూపించింది. మా వైపు పిల్లే, మాటలోనే తెలిసిపోయింది. దాసు చెయ్యి చూడనట్టే చూసింది. ఆ క్షణం నుంచీ ఆ పిల్ల చెప్పిన మాటలన్నీ ఆ చేతి చుట్టూనే తిరిగాయి. "దీనికి క్లచ్ చాలా మెత్తనండి మాస్టారూ, చెయ్యి నొప్పుట్టదండి. హ్యాండిలు అదరకుండా పట్టి ఉంచే సామాను ఒకటుంటాదండి, అది కూడా వేయించుకోండి. పక్కన కడ్డీలు అందరికీ వేస్తామండి, పడతారని కాదండి." ఆ అమ్మాయిని చూస్తే నాకు కోపం రావాల్సింది. ముద్దొచ్చింది. మనింటి పిల్లే అనిపించింది.

దాసు ముందు పొడుగుదాని మీద ఎక్కాడు. ఎక్కడానికే కష్టపడ్డాడు. రెండు చేతులతో హ్యాండిలు పట్టుకున్నాడు. పట్టుకోగానే చెయ్యి వణకడం ఆగిపోయింది. నిజంగా ఆగిపోయింది. వాడు నా వైపు తిరిగి, "చూసేవా అక్కా, పట్టుకుంటే ఆగిపోద్ది" అన్నాడు. కాలవలో ఈత నేర్చుకున్న రోజు ఇలాగే తల తిప్పి నా వైపు చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు, దగ్గు వచ్చినట్టు నటించాను. ఈలోగా బండి కొంచెం ఎడమకి వాలింది. వాడి కాలు కిందికి రావాలి. రాలేదు. వస్తోంది గానీ నెమ్మదిగా వస్తోంది. ఆ జబ్బులో కాలూ చెయ్యీ మనం చెప్పిన కాసేపటికి గానీ వినవట. ఆ అమ్మాయీ ఇద్దరు మెకానిక్కులూ ఒక్క ఉదుటున వచ్చి బండిని పట్టుకుని నిలబెట్టారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"ఫ్లోరు తుడిచేమండి ఇప్పుడే, జారుతోందండి" అంది ఆ అమ్మాయి.

"అవునమ్మా, జారుడుగా ఉంది" అన్నాడు దాసు.

నేను కిందికి చూశాను. నేల పొడిగా ఉంది.

తర్వాత లావుది చూపించారు. దాని మీద కూర్చుంటే వాడి రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాయి. కదలకుండా నిలబడింది బండి. చుట్టూ ఉన్నవాళ్లందరూ హమ్మయ్య అనుకోవడం మొహాల్లో కనిపించింది. నన్ను కూడా వెనక కూర్చోబెట్టారు. మోకాళ్లు పట్టేసినా ఇద్దరి సాయంతో ఎక్కాను. దిండు మెత్తగా ఉంది. నా చెయ్యి దానంతటదే వెళ్లి వాడి భుజం మీద ఆగింది. వాడు వెనక్కి తిరగలేదు. అద్దంలో నన్ను చూస్తూ, "ఏది తీసుకోమంటావక్కా?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. కానీ అద్దంలో కళ్లు నన్ను వదలడం లేదు. ఆ చూపు ఏదో అడుగుతోందని తెలిసింది. మా ఇద్దరి సరదా కోసం సరే అనమని అడుగుతున్నాడనుకున్నాను. వద్దురా అన్న మాట నాలుక చివరికి వచ్చింది. షోరూములో అంతమంది నిలబడి నా నోటి వైపు చూస్తున్నారు. వాళ్ల ముందు నా తమ్ముడితో నీకు చేతకాదురా అనాలి.

"లావుదే తీసుకో. సీటు వెడల్పుగా ఉంది" అన్నాను.

ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. దాసు దిగి, కాగితాల మీద సంతకాలు చేశాడు. సంతకం కుదరక రెండుసార్లు మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. పెన్ను బాగోలేదని ఆ అమ్మాయి ఇంకో పెన్ను తెచ్చి ఇచ్చింది.

కోటిపల్లి రేవుకి వచ్చేసరికి ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. పంటు మీద జనం తక్కువ. స్కూటర్లు నాలుగైదు, ఒక ట్రాక్టరు, కొబ్బరికాయల బస్తాలు. మేం చివర బల్ల మీద కూర్చున్నాం. దాసు రెండు చేతులూ మోకాళ్ల కింద పెట్టుకుని, నీళ్ల వైపు చూస్తున్నాడు. ఈ మధ్య అలా కూర్చుంటాడు, చెయ్యి కనపడకుండా. పంటు సగం దాటాక అన్నాడు.

"నువ్వు వద్దంటావనుకున్నానక్కా."

నాకు మొదట అర్థం కాలేదు. "పొడుగుదే నచ్చిందా నీకు?" అన్నాను.

"అది కాదు. అసలు ఏదీ వద్దురా, నువ్వు నడపలేవురా అంటావనుకున్నాను." ఇంకా నీళ్ల వైపే చూస్తున్నాడు. "సువార్త అనదు. దానికి నేను బాధపడతానని భయం. డాక్టరు గారు నవ్వేసేరు. మొన్న పాస్టరు గారిని అడిగితే ప్రయాణం సుఖంగా జరగాలని ప్రార్థన చేసేసేరు. ఇంక నువ్వొక్కదానివే కదా మిగిలేవు, చిన్నప్పట్నించీ నన్ను తిట్టినదానివి. అందుకే నిన్ను తీసుకెళ్లేను. నాకు నేను చెప్పుకోలేకపోతున్నానక్కా. రోజూ పొద్దున్న చెప్పుకుందామనుకుంటాను, ఆ బండి బొమ్మ చూస్తే నోరు రాదు. ఎవరో ఒకరు గట్టిగా అనేస్తే, నాలుగు రోజులు వాళ్ల మీద కోపం తెచ్చుకుని ఊరుకుందామనుకున్నాను."

ఎదురుగా ముక్తేశ్వరం రేవు దగ్గరవుతోంది. ఇప్పటికీ మించిపోయింది లేదు. కట్టిన డబ్బు పోతే పోతుంది. వాడే అడుగుతున్నాడు, నోరు తెరిచి, ఎవరూ అడగని విధంగా. మా ఇంట్లో ఇంతవరకూ ఏ మనిషీ ఏ మనిషినీ అంత సూటిగా సాయం అడగలేదు. ఒక్క మాట చాలు. నేను వాడి వైపు తిరిగాను. జుట్టంతా నెరిసిపోయింది వాడికి. పెదవి ఒక పక్కకి కొంచెం లాగుతోంది, అది నేను అప్పుడే మొదటిసారి చూశాను. నా నోట్లోంచి ఏం వస్తుందా అని కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"ఎండ నీ మొహాన పడుతోందిరా, ఇటు జరుగు" అన్నాను.

వాడు కాసేపు నన్ను అలాగే చూసి, తల ఊపి, ఇటు జరిగి కూర్చున్నాడు.